నలభై ఒకటో నంబరు నెమలి డాలు

పెబ్బేరు సంతలో దళారి మాసయ్య ధర కట్టిన ఎద్దును మళ్ళీ ఇంకొకరికి చూపించి అడిగే అలవాటు ఎవరికీ లేదు. పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి వెనక కాళ్ళు చూస్తాడు. అమ్మేవాడి ముఖం మాత్రం చూడడు. ముఖం చూస్తే జాలి పుడుతుందనీ, జాలి పుడితే ధర చెడుతుందనీ అంటాడు. ఆ తర్వాత భుజం మీది తువ్వాల తీసి, దాని కింద అమ్మేవాడి చెయ్యి ఒకసారి, కొనేవాడి చెయ్యి ఒకసారి పట్టుకుంటాడు. ఇన్ని వేళ్ళు పడితే ఇంత అని లెక్క. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ధర ఎవరికీ తెలియదు. పైకి నోటితో అనుకునేవన్నీ ఉత్త మాటలు, అసలు బేరం వేళ్ళ మీదే నడుస్తుంది.

అటువంటి మనిషి, యాభై ఏళ్ళు మీద పడ్డాక, చేత్తో పట్టుకోలేని వస్తువులకు ధర కట్టే పనిలో పడ్డాడంటే ఊరంతా నవ్వింది. నవ్వకుండా ఎట్లా ఉంటుంది?

కరోనా ఏడాది ఒక కోడె తన్నిన తన్నుకు అతని కుడికాలి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీదే. అప్పుడు ఇంటర్ చదువుతున్న కూతురు మాలతి, తండ్రి గొణుగుడు భరించలేక, తన ఫోనులో 'కోటయుద్ధం' అనే ఆట పెట్టిచ్చింది. మాసయ్యకు ఆడటం రాలేదు. కోట గోడ ఎక్కేలోపే ఎవడో ఒకడు బాణం వేసి చంపేవాడు. కానీ చచ్చాక మిగతావాళ్ళ ఆట చూస్తూ ఉండొచ్చు గదా, అది మాత్రం కళ్ళార్పకుండా చూశాడు. ఎవడి గుర్రానికి ఏ జీను ఉంది, ఎవడి డాలు మీద ఏ బొమ్మ ఉంది, అదే బొమ్మ మళ్ళీ ఎన్ని రోజులకు కనబడింది, ఇవన్నీ అతని బుర్రలో పడిపోయాయి. సంతలో ఎద్దును ఒకసారి చూస్తే పదేళ్ళకు గుర్తుపట్టే కళ్ళు అవి.

ఈ జీనులూ డాళ్ళూ పెట్టుకున్నంత మాత్రాన ఆటలో బలం పెరగదు. గుర్రం ఒక్క అడుగు కూడా ముందుకు పోదు. చూడ్డానికి బాగుంటాయి, అందరి దగ్గరా ఉండవు, అంతే. ఎవరికి వారు ఆటలోనే ఒకరికొకరు బహుమతిగా పంపించుకోవచ్చు, పైసలు మాత్రం ఆట బయట, ఫోనులోనే వేసుకుంటారు. ఒక రోజు మాలతితో చదివే ఇద్దరు ఇంటికొచ్చి అటువంటి జీను ఒకదాని మీద మంచం పక్కనే నిలబడి వాదులాడుకున్నారు. ఒకడు ఐదు వేలంటాడు, ఇంకొకడు ఐదొందలు కూడా దండగంటాడు. మాసయ్య విసుక్కుని, నొసటి మీద చుక్క ఉన్న ఎద్దు దున్నేది ఎక్కువేం ఉండదు, అయినా రెండు వేలు ఎక్కువ పెడతాం, ఎందుకు అని అడిగాడు. ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయి, ఇప్పుడు ఎందుకు అమ్ముతున్నావు, ఈ మధ్య తెగిన మూడు బేరాల్లో ఎంతకు తెగింది, అని మూడు ప్రశ్నలు వేసి, పదహారు వందలు అన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

అట్లా మొదలైంది. అమ్మేవాడు నోటితో చెప్పేది ధర కాదు, కొనేవాడు అడిగేదీ కాదు, తెగినదే ధర అనేది మాసయ్య సూత్రం. తువ్వాలను కూడా ఫోనులోకి తెచ్చాడు. అమ్మేవాళ్ళు తాము అనుకున్నది అతనికొక్కడికే పంపాలి, కొనేవాళ్ళూ అంతే. అతను ఒక్క మాట చెబుతాడు. ఇష్టమైతే తీసుకోవాలి, లేకుంటే లేదు. ధర ఎంతైనా అతనికి చెరో రెండు వందలే, కాబట్టి పెంచినా తగ్గించినా అతనికి ఒరిగేదేం లేదు. నాగర్‌కర్నూలు, గద్వాల, అమ్రాబాద్, చివరికి అటు రాయచూరు నుంచి కూడా జనం చేరి వాట్సాప్‌లో ఒక గ్రూపు కట్టి, దానికి 'మాసన్న ధర' అని పేరు పెట్టారు. ట్రాక్టర్లొచ్చి ఎడ్ల బేరాలు సగానికి సగం పడిపోయిన రోజుల్లో ఈ పేరు అతనికి గొప్ప ఆసరా అయింది. రెండు వందల సంగతి కాదు. తన మాటకు ఇంకా విలువ ఉందన్న తృప్తి అది.

ఇక భానుప్రకాశ్ సంగతి చెప్పాలి. ఇరవై నాలుగేళ్ళ కింద చేతిలో పనిలేక సంతలో తిరుగుతుంటే మాసయ్యే పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. వేళ్ళ లెక్క నేర్పాడు. ఇద్దరూ కలిసి తెంపిన మొదటి బేరం ఒక తెల్ల ఎద్దు, దాని పేరు సింగడు. ఆ రోజు వచ్చిన పైసలతో ఇద్దరూ చెరో తువ్వాల కొనుక్కున్నారు. ఒకసారి ఎవరో రైతు తాను ముందుగా ఇచ్చిన బయానా పైసలు భాను మింగాడని గొడవకు దిగితే, మాసయ్య తన చెయ్యి చాపి, ఈ చెయ్యి ఎంతో వాని చెయ్యి అంతే అని అందరి ముందు పూచీ పడ్డాడు. ఇప్పుడు భానుకు కొత్తకోటలో ఫోన్ల దుకాణం ఉంది, అయినా సంత రోజు మాసయ్య పక్కకు రావడం మానలేదు. దుకాణానికి నాలుగు ఊళ్ళవాళ్ళు వస్తారు గనుక ఆటలో ఏది ఎంతకు తెగిందో కబురు తెచ్చేది కూడా అతనే. మాసయ్య బయటివాళ్ళు చెప్పింది ఒక పట్టాన నమ్మడు, పది రకాలుగా గుచ్చి అడుగుతాడు. భాను చెప్పింది మాత్రం అడగడు. తెగిన ధర గురించి ఒక దళారి ఇంకొక దళారికి అబద్ధం చెప్పడు, చెప్పినదానికి రుజువు అడగడం తువ్వాల కిందికి తొంగిచూసినంత తప్పు. సంతలో అది పద్ధతి. ఆ పద్ధతిని తీసుకొచ్చి ఫోనులో పెట్టడమే మాసయ్య చేసిన తప్పు, పాపం అతనికది తప్పని తోచలేదు.

పోయిన వేసవిలో గద్వాల నుంచి దిల్షాద్ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చీరల దుకాణాల నుంచి చీరలు తెచ్చుకుని ఇంట్లో ఫాలు కుడుతుంది. చీర అంచులకు పీకో కొట్టే మిషన్ లేదు, దానికోసం ఇంకొకరి దగ్గరికి పోయి కూలిలో సగం వాళ్ళకే ఇచ్చి వస్తుంది. ఆమె దగ్గర ఒక నెమలి డాలు ఉంది. ఐదేళ్ళ కింద ఒకే ఒక్క వారం, వరసగా ఇరవై యుద్ధాలు గెలిచినవాళ్ళకు మాత్రమే ఆట కంపెనీ ఇచ్చింది, మళ్ళీ ఇవ్వలేదు. ప్రతి డాలుకూ ఒక నంబరు ఉంటుంది, నంబరు ఎంత చిన్నదైతే అంత విలువ. ఆమెది నలభై ఒకటి. లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసి కూలి లేక, మొగుడి ఫోను పట్టుకుని గెలుచుకున్నది. దాన్ని చూపించేటప్పుడు ఆమె గొంతులో గర్వం దాగలేదు.

పీకో మిషనూ, అది పెట్టుకోను బస్టాండు దగ్గర అద్దెకు చిన్న షట్టరు గదీ, ఇదీ ఆమె లెక్క. యాభై ఐదు వేలన్నా వస్తే రెండూ జరుగుతాయని చెప్పింది.

మాసయ్యకు ఆమె లెక్క న్యాయంగానే తోచింది. ఆరు నెలల కింద అయితే అరవై కట్టేవాడు. కానీ ఈలోగా భాను వరసగా మూడు బేరాల కబురు తెచ్చాడు. మొదటి డాలు నలభైకి, తర్వాతది ఇరవై ఎనిమిదికి, మూడోది మరీ ఘోరం.

"పోయిందన్నా, పద్దెనిమిదికే," అని చెప్పాడు భాను. "దసరాకు కంపెనీ మళ్ల ఇస్తదంట. భయపడి అమ్ముకుంటుండ్రు."

మాసయ్య పద్దెనిమిది మీద చిన్న నంబరుకు ఒక రెండు కలిపి ఇరవై వేలన్నాడు. చెబుతున్నప్పుడు ఆమె ముఖం వైపు చూడలేదు. దిల్షాద్ ఫోనులో తన డాలు బొమ్మను ఒకసారి చూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మాసన్నా, గా మూడు డాళ్ల నంబర్లు చూసినవా? నంబరు కొడితే ఎవరి చేతులకెళ్లి ఎవరి చేతికి పోయిందో ఆటల కనపడ్తది."

"దళారి చెప్పిన ధరకు నంబరు అడగరమ్మా," అన్నాడు మాసయ్య. "సంతల గది పద్ధతి."

ఆమె తల ఊపింది. దసరా దాకా ఆగితే ఇరవై కూడా రాదేమోనన్న భయం ఒకవైపు, మాసన్న చెప్పాడన్న ధైర్యం ఒకవైపు. రాయచూరులో ఎవరో కొనేవాడున్నాడని భానే కుదిర్చాడు. ఆ సాయంత్రమే నలభై ఒకటో నంబరు డాలు ఆమె చేయి దాటిపోయింది. ఇరవై వేలకు షట్టరు మాట దేవుడెరుగు, కొత్త మిషన్ కూడా రాలేదు. ఎవరో వాడి వదిలేసిన పాతది కొనుక్కుంది.

దసరా వచ్చింది, పోయింది. కంపెనీ డాలు ఇవ్వలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మాలతి ఫోను చూస్తూ చూస్తూ లేచి కూర్చుంది. నలభై ఒకటో నంబరు డాలు బెంగుళూరులో ఒకతను ఎనభై ఐదు వేలకు కొన్నానని చెప్పుకుని మురిసిపోతున్నాడు. మాసయ్య మొదట నమ్మలేదు. నంబరు చూసుకుంటే అదే. ధర ఒక్కసారి ఇంత ఎట్లా లేచిందని తల పట్టుకుని కూర్చుంటే, మాలతి ఊరుకోక, భాను చెప్పిన మూడు బేరాల తారీఖులు తండ్రిని అడిగి, ఆ రోజుల్లో చేతులు మారిన డాళ్ళను ఒక్కొక్కటీ వెతికింది. మూడు డాళ్ళు లేవు. ఒక్కటే డాలు. అదే మూడుసార్లు ముగ్గురి మధ్య గుండ్రంగా తిరిగి మళ్ళీ మొదటివాడి దగ్గరికే వచ్చింది. ఆ తర్వాత నలభై ఒకటో నంబరు కూడా అదే మొదటివాడి చేతికి పోయి, నాలుగు నెలలు అక్కడే ఉండి, బెంగుళూరు చేరింది. రాయచూరూ లేదు, ఏ ఊరూ లేదు.

"నాయినా," అంది మాలతి, "సింగడంటే ఎవరు?"

ఆ ముగ్గురి పేర్లూ ఆటలో సింగడు ఒకటి, సింగడు రెండు, సింగడు మూడు అని ఉన్నాయి. మాలతి పుట్టకముందే ఆ ఎద్దు చచ్చిపోయింది. ఆ పేరు గుర్తున్నవాళ్ళు లోకంలో ఇద్దరే.

మాసయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. కాలి ఎముక విరిగిన రోజు కూడా అంత నొప్పి లేదని తర్వాత కూతురితో చెప్పుకున్నాడు. పైసలు తిన్నందుకు కాదు. అబద్ధం ధర చెప్పి భాను తనే నేరుగా కొని ఉంటే దిల్షాద్ నమ్మేదే కాదు, నంబరు చూసుకునేది. మాసన్న నోటి నుంచి వచ్చింది కాబట్టి నమ్మింది. ఇరవై నాలుగేళ్ళు పోగేసుకున్న నమ్మకాన్ని భాను ముద్రలా వాడుకున్నాడు, దానికి పెట్టిన పేరేమో ఇద్దరి మొదటి ఎద్దుది. మాలతి ఇంకా వెతికితే తేలింది, దిల్షాద్ ఒక్కతే కాదు. ఆ నెలల్లో మాసయ్య ధర విని డాళ్ళు అమ్ముకున్నవాళ్ళు ఏడుగురు. ఏడు డాళ్ళూ సింగడి దగ్గరికే పోయాయి.

గురువారం పొద్దున బస్సెక్కి, బీచుపల్లి వంతెన దాటి గద్వాలకు పోయాడు. దిల్షాద్ ఇంటి ముందు గదిలో ఆ పాత మిషన్ మీద చీర అంచు పెట్టి కుస్తీ పడుతోంది. నాలుగు జానలు కుట్టేసరికి దారం తెగుతోంది. మాసయ్య నిలబడే ఉండి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒక్కటీ దాచలేదు. తనకు తెలియదు గదా అన్న మాట మాత్రం రెండుసార్లు అన్నాడు.

ఆమె తెగిన దారం కొసను నాలుకతో తడిపి, సూదిలో ఎక్కించి, అప్పుడు తలెత్తింది.

"నేను అడిగిన గదన్నా నంబర్లు."

అంతే అంది. తిట్టి ఉంటే మాసయ్య ఏదో ఒకటి సర్దుకునేవాడు. ఏమీ తోచక, తగ్గిన పైసలు తన రెక్కల కష్టంతో కొద్దికొద్దిగా ఇచ్చుకుంటానన్నాడు. ఆమె వద్దంది. నీ కష్టం తిని నేను షట్టరు పెట్టుకోవాల్నా అని అడిగింది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ డాలు ధర ఇరవై కాదనీ, మాసన్న కట్టింది తప్పనీ గ్రూపులో అందరికీ తెలియాలి. దిల్షాద్ భయపడి అగ్గువకు అమ్ముకున్నదని దసరా పోయినప్పటి నుంచి వాళ్ళు నవ్వుతున్నారు, ఇరవై యుద్ధాలు గెలిచినదాన్ని నాకెందుకన్నా ఆ మాట, అంది.

వెనక్కి వచ్చి, రాయడం సరిగా రాదు గనుక, మాసయ్య తన గొంతుతోనే ఆ మాట రికార్డు చేసి గ్రూపులో పెట్టాడు. నలభై ఒకటో నంబరుకు అరవై కట్టవలసింది, నేను ఇరవై కట్టిన, తప్పు నాదే, దిల్షాద్‌ది కాదు. భాను చెప్పిన మూడు బేరాలూ అబద్ధం, ఆ ఏడు డాళ్ళ ధరలన్నీ తప్పు. ఇది పెట్టి గట్టిగా ఊపిరి వదిలాడు. మనసు తేలికవుతుందనుకున్నాడు.

అరగంట గడిచింది. తర్వాత అమ్రాబాద్ నుంచి అరవింద్ అనే అతను, తన గుర్రం జీనుకు పోయిన ఏడాది కట్టిన ధర కూడా తప్పేనా అని అడిగాడు. దాని వెనకే ఇంకొకరు, ఇంకొకరు. నాది? మరి నాది? భానుకు సంబంధం లేనివి కూడా అడిగారు, మూడేళ్ళ కిందటివి కూడా అడిగారు. ఇందులో నీ వాటా ఎంత అని ఒకడు రాశాడు. ఎవరెవరికని జవాబు చెబుతాడు? చీకటి పడే వేళకు సగం మంది గ్రూపు వదిలి వెళ్ళిపోయారు. భానుప్రకాశ్ మాత్రం వెళ్ళలేదు, ఒక్క మాటా రాయలేదు.

శనివారం సంత. వడ్డేపల్లి నుంచి కురుమూర్తి అనే రైతు ఎడ్ల జత తోలుకొచ్చి, మాసయ్యే ధర కట్టాలని పొద్దటి నుంచి కాచుకుని ఉన్నాడు. మాసయ్య ఎడ్ల పళ్ళు చూస్తుండగా భాను వచ్చాడు. ప్రతి సంతకూ వచ్చినట్టే వచ్చాడు, చాయ తాగినవా అన్నా అని అడిగాడు. మాసయ్య ఎద్దు పళ్ళ మీంచి చూపు తిప్పకపోతే, నవ్వుతూ అతని భుజం మీది తువ్వాల తానే లాగి, ఇద్దరి చేతుల మీదా కప్పాడు. చూసేవాళ్ళకు మామూలు బేరం.

తువ్వాల కింద భాను వేళ్ళు వచ్చి మాసయ్య వేళ్ళు మూడింటిని పట్టుకుని నొక్కాయి. ఆ పట్టు మాసయ్య నేర్పిందే, ఎంత నొక్కాలో కూడా అతను నేర్పిందే. మూడు వేళ్ళు, వేలికి పది. ముప్పై వేలు తీసుకుని ఊరుకో అని. ఒక్క క్షణం మాసయ్యకు ఏడుపొచ్చింది. క్షమించమని చెయ్యి పట్టుకుంటాడేమోనని లోపల ఎక్కడో ఇంకా ఆశ ఉందని అప్పుడే తెలిసింది. మరుక్షణం ఒళ్ళు మండి, సంతలో ఏ దళారీ చెయ్యని పని చేశాడు. ఎడమచేత్తో తువ్వాల లాగి పారేశాడు.

భాను పిడికిట్లో మాసయ్య మూడు వేళ్ళు పట్టపగలు అందరికీ కనబడ్డాయి. చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి.

"చూడుండ్రి," అన్నాడు మాసయ్య. "నా మాటకు భాను కట్టిన ధర గిది. ముప్పై."

సంతలో పెద్ద దళారి హైదర్ సాబ్, డెబ్భై దాటిన మనిషి, కర్ర పోటేసుకుంటూ దగ్గరికి వచ్చాడు. కింద పడ్డ తువ్వాల వైపు చూశాడు, తర్వాత మాసయ్య వైపు. ముందు పద్ధతి ప్రకారం అడగవలసింది అడిగాడు.

"ఏ పశువు మీద, మాసయ్యా?"

మాసయ్య నోరు తెరిచాడు. చూపించడానికి అక్కడ పశువు లేదు. డాలు అన్నాడు, ఆటలో డాలు, నెమలి బొమ్మది, నంబరు నలభై ఒకటి. చెబుతుంటే తన మాటలు తనకే వింతగా వినబడ్డాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. భాను మెల్లగా చెయ్యి విడిపించుకుని, వంగి తువ్వాల తీసి, దుమ్ము దులిపి, పెద్దవాళ్ళ పట్ల చూపించే మర్యాదతో మాసయ్య భుజాన వేశాడు.

"కాలు ఇరిగినప్పటి సంది అన్నకు మనసు జర బాగలేదు," అన్నాడు హైదర్ సాబ్‌తో. "ఏమనుకోకుండ్రి."

జనం చెదిరిపోయారు. ఎవరి బేరాలు వాళ్ళవి. హైదర్ సాబ్ కూడా కర్ర పోటేసుకుంటూ పోయాడు. భాను రెండు జతల అవతల నిలబడి ఇంకెవరి చేతి మీదనో తువ్వాల కప్పుతున్నాడు.

మాసయ్య చాలాసేపటికి తేరుకుని ఎడ్ల వైపు తిరిగాడు. ఆరు పళ్ళవి, సుడులు మంచివి, నడక బాగుంది. ధర మనసులో కుదిరింది, అందులో వంద రూపాయల తప్పు కూడా లేదు. అలవాటుగా తువ్వాల పరిచి, కురుమూర్తి చేతి కోసం తన చెయ్యి చాపాడు.

కురుమూర్తి కుడిచెయ్యి జేబులో ఉంది. అతను దాన్ని బయటికి తియ్యలేదు. ఇందాక కింద పడ్డ ఆ తువ్వాల వైపు చూసి, నొచ్చుకుంటూనే అన్నాడు.

"నోటితోనే చెప్పు మాసన్నా. అందరు ఇనంగ చెప్పు."